ఐఎస్‌బీఎన్ లేని పాత పేపర్‌బ్యాక్‌లను ఆన్‌లైన్ జాబితాలో ఎలా నమోదు చేయాలి?

పాతఅట్టలు:
అందరికీ నమస్కారం. నా దగ్గర పాత పేపర్‌బ్యాక్ నవలలు చాలాకాలంగా పోగవుతూ వచ్చాయి. ఎక్కువ భాగం డిటెక్టివ్ నవలలు, సైన్స్ ఫిక్షన్. కొన్ని భయానక కథల సంకలనాలు, కొన్ని వెస్టర్న్‌లు కూడా ఉన్నాయి. దాదాపు అన్నీ 1940ల నుంచి 1970ల మధ్య అచ్చయినవే. వీటిని ఆన్‌లైన్‌లో ఒక క్రమమైన జాబితాగా పెట్టాలని నా కోరిక. ఫోన్‌తో బార్‌కోడ్ స్కాన్ చేస్తే వివరాలు తెచ్చిపెట్టే యాప్‌లు వీటి విషయంలో ఎందుకూ పనికిరావడం లేదు. శీర్షికతో వెతికితే ఒకే నవలకు లెక్కలేనన్ని ముద్రణలు కనిపిస్తున్నాయి, వాటిలో నా చేతిలో ఉన్నది ఏదో తేల్చుకోలేకపోతున్నాను. ఏ సైటు వాడాలి, ఏయే వివరాలు రాసుకోవాలి, ఎంత లోతుకు వెళ్లాలి అన్న విషయాల్లో అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

కార్డుసొరుగు:
పాతఅట్టలు గారూ, మీ పుస్తకాలపై ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ ప్రమాణ సంఖ్య, లేకపోవడం సహజమే. దాని తొలి రూపమైన తొమ్మిది అంకెల ఎస్‌బీఎన్ బ్రిటన్‌లో 1967లో వాడుకలోకి వచ్చింది. అది 1970లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ఓ 2108 ప్రమాణంగా, పది అంకెల ఐఎస్‌బీఎన్‌గా మారింది. పదమూడు అంకెలది 2007 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. తొమ్మిది అంకెల సంఖ్య కనబడితే దాని ముందు ఒక సున్నా చేర్చి వెతకండి, చాలాసార్లు దొరుకుతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, అమెరికాలో 1970ల చివర్లోనూ 1980ల్లోనూ వచ్చిన మాస్‌మార్కెట్ పుస్తకాల (చిన్న సైజు చవక పేపర్‌బ్యాక్‌ల) వెనక అట్టపై ఉండే గీతలు ఐఎస్‌బీఎన్ బార్‌కోడ్ కావు, అవి దుకాణాల కోసం వేసిన యూపీసీ కోడ్. అందుకే ఫోన్ దాన్ని చదివినా పుస్తకం దొరకదు, లేదా వేరే పుస్తకం వస్తుంది.

అసలు విషయం వేరే ఉంది. మీరు జాబితా చేస్తున్నది నవలనా, లేక మీ చేతిలో ఉన్న ప్రతినా అన్నది మొదట నిర్ణయించుకోవాలి. గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్ఎల్ఏ 1998లో వెలువరించిన నివేదిక ఒకటి ఈ విషయాన్ని నాలుగు అంచెలుగా విడదీసింది: రచయిత ఊహించిన కృతి, దానికి ఒక భాషలోనో పాఠంలోనో వచ్చిన రూపం, ఒక ప్రచురణకర్త అచ్చువేసిన రూపం, చివరగా ఒక వ్యక్తి అరలో ఉన్న ఒక ప్రతి. చదివిన పుస్తకాల జాబితాకు మొదటి అంచె చాలు. పాత పేపర్‌బ్యాక్‌లు పోగుచేసేవాళ్లకు మాత్రం చివరి రెండూ లేకపోతే జాబితా ఉన్నా లేనట్టే. ఒకే నవల మూడు వేర్వేరు ముఖచిత్రాలతో మూడు ముద్రణలు మీ దగ్గర ఉంటే, అవి మూడు నమోదులు కావాలి, ఒకటి కాదు.

మూడోముద్రణ:
కార్డుసొరుగు గారు చెప్పినదానికి ఆచరణలో ఉపయోగపడే కొన్ని వివరాలు చేరుస్తాను. ముద్రణను తేల్చడానికి అట్టను నమ్మకండి, శీర్షిక పుట వెనకవైపు ఉన్న కాపీరైట్ పుటను చదవండి. 1935లో మొదలైన పెంగ్విన్ పుస్తకాల్లో సాధారణంగా మొదటి ప్రచురణ సంవత్సరం, ఆ సంస్థ తొలిసారి వేసిన సంవత్సరం, ఆపైన పునర్ముద్రణలు అక్కడే వరుసగా ఉంటాయి. అమెరికాలో 1939లో మొదలైన పాకెట్ బుక్స్ తొలినాళ్ల ప్రతుల్లో ఎన్నో ముద్రణ ఏ నెలలో వచ్చిందో కూడా కనిపిస్తుంది. కాపీరైట్ సంవత్సరం ఒక్కటే చూసి అదే ముద్రణ సంవత్సరమని రాసుకుంటే, 1930ల నాటి గట్టి అట్ట పుస్తకం తేదీ 1950ల పేపర్‌బ్యాక్‌కు అంటుకుంటుంది. ఆన్‌లైన్ డేటాబేసుల్లో నాకు తరచుగా కనిపించే పొరపాటు ఇదే.

తరవాతి కాలపు పుస్తకాల్లో ఆ పుట అడుగున అంకెల వరుస ఉంటుంది. అందులో మిగిలి ఉన్న అతి చిన్న అంకె ఎంతో, అది అన్నో ముద్రణ అన్నమాట. కొందరు ప్రచురణకర్తలు ఆ అంకెలను 1 3 5 7 9 10 8 6 4 2 అన్నట్టు రెండు పక్కలకూ పంచి వేస్తారు, కాబట్టి మొదటి అంకె చూసి ఆగిపోకుండా వరుస మొత్తం చదవాలి.

వెన్నుపై ఉన్న ప్రచురణకర్త సంఖ్యను తప్పనిసరిగా ఉన్నది ఉన్నట్టే రాసుకోండి. ఐఎస్‌బీఎన్ లేని కాలంలో పుస్తకాన్ని పట్టిచ్చే గుర్తు అదే. అమెరికా ప్రచురణ సంస్థ ఏస్ బుక్స్ వాళ్ల పుస్తకాల్లో సంఖ్య ముందున్న అక్షరం ధరను కూడా చెబుతుంది: డి అంటే 35 సెంట్లు, ఎఫ్ అంటే 40 సెంట్లు. అదే నవల కొన్నేళ్ల తరవాత కొత్త అక్షరంతో వచ్చిందంటే, ధర పెరిగి కొత్త ముద్రణ పడిందని అర్థం.

వెన్నుసంఖ్య:
నేను కొంచెం విభేదిస్తాను. ఇన్ని వివరాలు మొదటి రోజు నుంచే రాయబోతే జాబితా సగంలో ఆగిపోతుంది. పెద్ద సేకరణ ఉన్నవాళ్లు వెన్ను మీద ఉన్న శీర్షిక, రచయిత, ప్రచురణకర్త, సంఖ్య అనే నాలుగు వివరాలతో అర మొత్తం పూర్తి చేసుకోవాలి. ఏ పుస్తకం ఉందో, ఏది రెండుసార్లు కొన్నామో తెలియడమే జాబితా మొదటి ప్రయోజనం. ముద్రణ చరిత్ర, చిత్రకారుడి పేరు, పుస్తకం స్థితి వంటివి రెండో విడతలో తీరికగా చేర్చుకోవచ్చు.

కార్డుసొరుగు:
వెన్నుసంఖ్య గారి మాటలో న్యాయం ఉంది, కానీ ఒక్క సవరణ చెబుతాను. అంటుబైండింగ్ ఉన్న పాత పుస్తకాన్ని తెరిచిన ప్రతిసారీ దాని వెన్నుకు కొంత దెబ్బ తగులుతుంది, ఎండిపోయిన జిగురు పగిలి పుటలు ఊడతాయి. అలాంటి పుస్తకాన్ని రెండు విడతల్లో రెండుసార్లు తెరిచే బదులు, అర నుంచి తీసిన మొదటిసారే కాపీరైట్ పుటను ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే చాలు. వివరాలు ఎప్పుడైనా ఆ ఫొటో చూసి నింపుకోవచ్చు, పుస్తకాన్ని మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.

వెన్నుసంఖ్య:
అది నాకు సమ్మతమే. ఫొటో ఫైలుకు పెట్టే పేరూ ప్రచురణకర్త సంఖ్యతోనే మొదలైతే తరవాత వెతుక్కోవడం సులువు.

కలంపేరు:
రచయిత పేరు గురించి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి నేను రాస్తున్నాను. డిటెక్టివ్, సైన్స్ ఫిక్షన్ పేపర్‌బ్యాక్‌లలో అట్ట మీది పేరు రాసినవాళ్ల పేరే అవుతుందన్న నియమం లేదు. ఎలరీ క్వీన్ అన్నది ఫ్రెడరిక్ డనే, మాన్‌ఫ్రెడ్ లీ అనే ఇద్దరు బంధువుల ఉమ్మడి పేరు. 1960ల్లో అదే పేరు మీద వచ్చిన కొన్ని పేపర్‌బ్యాక్ నవలలను జాక్ వాన్స్‌తో సహా వేరేవాళ్లు రాశారు. ఇలాంటప్పుడు రచయిత గడిలో పుస్తకం మీద ఉన్న పేరునే ఉంచాలి. అసలు రచయిత తెలిస్తే దానికి వేరే గడి పెట్టాలి, అక్కడ ఆధారం కూడా రాయాలి. రెండింటినీ కలిపేస్తే పుస్తకం మీద ఏముందో ఆ జాబితా ఇక చెప్పలేదు.

దీనికి నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ ఏస్ డి-15. ఇది 1953లో వచ్చిన ఏస్ డబుల్. ఒక పక్క నుంచి చూస్తే విలియం లీ రాసిన 'జంకీ'. పుస్తకాన్ని తలకిందులుగా తిప్పి వెనక అట్టను ముందుకు తెస్తే మారిస్ హెల్‌బ్రాంట్ రాసిన 'నార్కోటిక్ ఏజెంట్'. రెండింటికీ వేరువేరు ముఖచిత్రాలు ఉన్నాయి, వెనక అట్ట అంటూ లేనే లేదు, రెండు పాఠాలూ మధ్యలో ఒకదానికొకటి తలకిందులుగా ఎదురవుతాయి, వెన్ను మాత్రం ఒక్కటే. విలియం లీ అంటే విలియం ఎస్. బరోస్. 1977లో పెంగ్విన్ కోతలు లేని పాఠాన్ని ఆయన సొంత పేరుతో, శీర్షిక స్పెల్లింగు కొద్దిగా మార్చి ప్రచురించింది.

ఇప్పుడు ఈ ఒక్క పుస్తకాన్ని జాబితాలో ఎలా పెడతారు? నా పద్ధతిలో ఇది భౌతికంగా ఒక్క ప్రతి, కాబట్టి ఒక్క నమోదు, ఒక్క ప్రచురణ సంఖ్య. దాని కింద రెండు రచనలు వేర్వేరుగా, ఒక్కొక్కదానికి దాని రచయిత పేరు, ముఖచిత్రం, పుటల లెక్క. విలియం లీ పేరు అలాగే ఉంటుంది, బరోస్ పేరుకు లింకు ఉంటుంది. 1977 పుస్తకం ఇంకో నమోదు, ఎందుకంటే పేరు, శీర్షిక, పాఠం మూడూ మారాయి. ఈ రెండు పుస్తకాలను 'ఒకే నవల' అని కలిపేసే సైట్లు ఉన్నాయి. చదువరికి అది సౌకర్యమే, సేకర్తకు నష్టం.

పాతఅట్టలు:
ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఫొటో సలహాను వెంటనే అమల్లో పెడుతున్నాను. ఇలా ఒక ప్రతి కింద రెండు రచనలను పెట్టనిచ్చే సైటు ఏదైనా ఉందా? లేక నేను సొంతంగా ఒక స్ప్రెడ్‌షీట్ తయారుచేసుకోవడమే మేలా?

గ్రహాంతరం:
సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, భయానక సాహిత్యం వరకైతే ఐఎస్ఎఫ్‌డీబీని (ఇంటర్నెట్ స్పెక్యులేటివ్ ఫిక్షన్ డేటాబేస్ అనే సైటును) మించినది నాకు కనబడలేదు. 1995 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతున్నారు. అక్కడ రచనకు ఒక నమోదు, ప్రచురణకు ఇంకో నమోదు ఉంటాయి. ఒక ప్రచురణ కింద ఎన్ని రచనలైనా చేర్చవచ్చు. కలం పేర్లకు, శీర్షిక మార్పులకు ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది. రెండు పక్కల నుంచి తెరిచే డబుల్స్‌కు వేరే బైండింగ్ సంకేతం కూడా ఉంది. సుమారు 18 సెంటీమీటర్ల ఎత్తు, 11 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మాస్‌మార్కెట్ పరిమాణాన్ని ఒక రకంగా, అంతకంటే పెద్ద పేపర్‌బ్యాక్‌లను ఇంకో రకంగా గుర్తిస్తారు. తేదీ తెలియకపోతే ఊహించి రాయనివ్వరు: సంవత్సరం మాత్రమే తెలిస్తే 1953-00-00 అని, ఏమీ తెలియకపోతే 0000-00-00 అని రాయాలి. ఈ అలవాటును మీ సొంత జాబితాలో కూడా పెట్టుకోవచ్చు.

అయితే అది అందరి డేటాబేసు, మీ అర కాదు. పుస్తకం మీ ఇంట్లో ఏ పెట్టెలో ఉందో, దాని అట్ట ఎంత నలిగిందో అక్కడ రాయడానికి చోటు లేదు. డిటెక్టివ్ నవలలు, వెస్టర్న్‌లు దాని పరిధిలోకే రావు. సొంత సేకరణకు 2005లో మొదలైన లైబ్రరీథింగ్ అనే సైటు అనువైనది. గ్రంథాలయాల క్యాటలాగుల నుంచి వివరాలు తెచ్చుకోవచ్చు, చేత్తో పూర్తిగా నింపుకోవచ్చు, ట్యాగులకు పరిమితి లేదు, సొంత ముఖచిత్రం ఎక్కించుకోవచ్చు. ఓపెన్ లైబ్రరీ అనే సైటులో ఎవరైనా కొత్త పుస్తకాన్ని చేర్చవచ్చు కానీ, ఒక్కో నమోదు నాణ్యత ఒక్కో తీరుగా ఉంటుంది.

మూడోముద్రణ:
గ్రహాంతరం గారు చెప్పిన సైట్లను నేనూ వాడుతున్నాను. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలనిపిస్తోంది. ఏ సైటు నుంచి వివరాలు దిగుమతి చేసుకున్నా, అవి మీ పుస్తకం వివరాలు కావు, ఎవరో ఒకరి పుస్తకం వివరాలు. గ్రంథాలయ క్యాటలాగు సాధారణంగా గట్టి అట్ట ప్రతిని చూసి రాసినది. పుటల సంఖ్య, సంవత్సరం, ప్రచురణకర్త అన్నీ తేడాగా ఉండవచ్చు. ఐఎస్ఎఫ్‌డీబీలో ఒక ప్రతిని చేతిలో పట్టుకుని సరిచూసినవాళ్లు తమ పేరుతో ధ్రువీకరణ గుర్తు పెట్టే పద్ధతి ఉంది. వేరే గ్రంథసూచిక చూసి సరిచూస్తే దాన్ని విడిగా చూపిస్తారు. సొంత జాబితాలోనూ ఇలాంటి గడి ఒకటి ఉంటే చాలా మేలు: 'పుస్తకం చూసి రాసినది', 'ఎక్కడి నుంచో తెచ్చుకున్నది' అని రెండే విలువలు. మిగిలిన గడులన్నీ ఎంత చక్కగా నింపినా, ఈ గడి లేని జాబితాలో ఏ వాక్యాన్ని నమ్మాలో కొన్నేళ్ల తరవాత మీకే తెలియదు.

అట్టబొమ్మ:
ముఖచిత్రాల సంగతి నేను చెబుతాను, నా ఆసక్తి అంతా వాటిమీదే. నెట్‌లో దొరికిన బొమ్మను తెచ్చి పెట్టడం కంటే మీ ప్రతినే స్కాన్ చేయండి. ఒకే సంఖ్యతో వచ్చిన రెండు ముద్రణల్లో ధర మారవచ్చు, రంగు మారవచ్చు, ప్రచారవాక్యం మారవచ్చు. మీ స్కాన్ ఒక్కటే వాటికి సాక్ష్యం. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల స్పష్టత) సరిపోతుంది. వెనక అట్టను మరవకండి. అమెరికా ప్రచురణ సంస్థ డెల్ 1943 నుంచి వేసిన పుస్తకాల వెనక అట్టలపై నేరం జరిగిన ఇంటి నక్షానో ఊరి పటాన్నో అచ్చువేసేది, సేకర్తలు ఆ పుస్తకాలను ఆ పటాల కోసమే వెతుకుతారు. అలాంటి పుస్తకానికి ముందు అట్ట మాత్రమే స్కాన్ చేస్తే సగం పుస్తకమే నమోదైనట్టు.

పుస్తకాన్ని స్కానర్ అద్దం మీద బోర్లించి మూతతో అదమకండి. లోపలి పుటల ఫొటో కావాలంటే పుస్తకాన్ని సగమే తెరిచి, రెండో అట్టకు ఏదైనా ఆసరా పెట్టి, పైనుంచి కెమెరాతో తీయండి. కలపగుజ్జుతో చేసిన ఆ చవక కాగితంలో లిగ్నిన్, ఆమ్లం ఉంటాయి. వెలుతురు, వేడి తగిలేకొద్దీ గోధుమరంగుకు తిరిగి అంచులు పెళుసెక్కుతాయి.

చిత్రకారుడి పేరు కాపీరైట్ పుటలో లేకపోతే బొమ్మ మూలల్లో సంతకం కోసం చూడండి, ముఖ్యంగా కింది అంచు దగ్గర. సంతకం చదవగలిగితే 'సంతకాన్ని బట్టి' అని రాయండి. బొమ్మ శైలిని చూసి ఫలానావారిదే అని అనిపిస్తే ఆ గడిని ఖాళీగా వదలండి. అలాంటి ఊహలు ఒక జాబితా నుంచి ఇంకో జాబితాకు పాకి, చివరికి అందరూ నిజమని నమ్మే స్థితికి వస్తాయి.

పాతఅట్టలు:
పుస్తకం స్థితిని ఎలా రాయాలి? అమ్మకందారులు వాడే ఫైన్, వెరీ గుడ్, గుడ్ అన్న శ్రేణులే సరిపోతాయా?

వెన్నుసంఖ్య:
సరిపోవు. ఆ శ్రేణిలో 'గుడ్' అంటే బాగా వాడిన, నలిగిన, అయినా పుటలన్నీ ఉన్న పుస్తకం. తెలియనివాళ్లు దాన్ని బాగున్న పుస్తకమనుకుంటారు. పైగా ఒకరి వెరీ గుడ్ ఇంకొకరికి గుడ్ అవుతుంది. శ్రేణిని ఒక గడిలో పెట్టుకోండి, అది వడపోతకు పనికొస్తుంది. దాని పక్కన కనబడిన లోపాలను మాటల్లో రాయండి. వెన్ను ఒకపక్కకు వాలిందా, వెన్నుపై మడత గీతలు ఎన్ని, అట్ట మూల చిరిగిందా, పుటలపై మచ్చలున్నాయా, పాత యజమాని సంతకమో దుకాణపు ముద్రో ఉందా, చివరి ప్రకటనల పుటలు ఉన్నాయా లేదా. చూసిన తేదీ కూడా రాయండి, స్థితి మారుతుంది కాబట్టి. పాత యజమాని పేరు, చిరునామా వంటివి మాత్రం అందరికీ కనబడే గడిలో పెట్టవద్దు, సొంత గడిలో ఉంచుకోండి.

కలంపేరు:
సాహిత్య ప్రక్రియ ట్యాగుల గురించి క్లుప్తంగా. ఒక పుస్తకానికి ఒకే ప్రక్రియ అని పట్టుబట్టకండి. అంతరిక్షంలో జరిగే హత్యా పరిశోధన నవల రెండు చోట్లా కనబడాలి. ట్యాగులు మీ ఇష్టం, కానీ ప్రచురణకర్త వెన్నుమీద ముద్రించిన వర్గం పేరును మాత్రం వేరే గడిలో అలాగే రాయండి. పెంగ్విన్ నేరపరిశోధన నవలలకు ఆకుపచ్చ, మామూలు నవలలకు నారింజ రంగు అట్టలు వేసింది. ఒక పుస్తకాన్ని ఆనాటి ప్రచురణకర్త ఏ వర్గంలో అమ్మాడన్నది కూడా చరిత్రే.

కార్డుసొరుగు:
ఇంగ్లీషు కాని భాషల పుస్తకాలు కూడా ఉంటే, శీర్షికను పుస్తకంపై ఉన్న లిపిలోనే ఎక్కించి, రోమన్ లిపిలో ఇంకో గడి పెట్టండి. భారతీయ లిపులకు ఐఎస్ఓ 15919 అనే లిప్యంతరీకరణ ప్రమాణం ఉంది. ఏ పద్ధతి ఎంచుకున్నా మొదటి నుంచి చివరి దాకా అదే వాడాలి, లేకపోతే ఒకే రచయిత మూడు పేర్లతో మూడు చోట్ల కనిపిస్తాడు.

గ్రహాంతరం:
ఏ సైటు వాడినా అప్పుడప్పుడు జాబితాను సీఎస్‌వీ ఫైలుగా (గడుల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్ ఫైలుగా) దింపుకుని రెండు చోట్ల దాచుకోండి. సైట్లు మూతపడతాయి, నియమాలు మారతాయి. ఆ ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో నేరుగా తెరిచి సేవ్ చేయవద్దు: ఐఎస్‌బీఎన్‌ను అది మామూలు సంఖ్యగా భావించి ముందున్న సున్నాను తీసేస్తుంది, పదమూడు అంకెలను 9.78 తరవాత ఘాతంతో కుదించి చూపిస్తుంది. దిగుమతి చేసేటప్పుడు ఆ నిలువు వరుసను టెక్స్ట్ అని, అక్షర సంకేతాన్ని యూటీఎఫ్-8 అని చెప్పండి. రెండోది చెప్పకపోతే రోమన్ కాని లిపులన్నీ అర్థంకాని గుర్తులుగా మారతాయి.

పాతఅట్టలు:
ఒక డిటెక్టివ్ నవలను మీరు చెప్పినట్టే నమోదు చేసి చూశాను. శీర్షిక, రచయిత, సంఖ్య, ధర, పుటలు, కొలతలు, ముఖచిత్రాల స్కాన్‌లు, స్థితి, 'పుస్తకం చూసి రాసినది' అన్న గుర్తు, అన్నీ కుదిరాయి. ఒక్కచోట ఆగిపోయాను. కాపీరైట్ పుటలో 1946 అని మాత్రమే ఉంది, ఈ పేపర్‌బ్యాక్ ఎప్పుడు అచ్చయిందో ఎక్కడా లేదు. కానీ చివరి పుటల్లో అదే సంస్థ ఇతర పుస్తకాల ప్రకటన ఉంది, వాటిలో ఒకటి 1952లో తొలిసారి వచ్చినట్టు దాని సొంత ప్రతిలోనే అచ్చయి ఉంది. తేదీ గడిలో 1952 అని రాయవచ్చా?

మూడోముద్రణ:
మీరు పట్టుకున్న ఆధారం చాలా విలువైనది, కానీ అది ఒకవైపు హద్దు మాత్రమే చెబుతుంది. త్వరలో రాబోయే పుస్తకాలనూ ముందుగానే ప్రకటించడం ఉంది కాబట్టి, మీ ప్రతి 1951 చివర్లో అచ్చయిందనడానికీ వీలుంది. అదే ప్రకటన పుటలను తరవాతి ముద్రణల్లో మళ్లీ వాడి ఉంటే 1953 కూడా కావచ్చు.

కార్డుసొరుగు:
గ్రంథాలయాల్లో దీనికి పాత పద్ధతి ఒకటి ఉంది: పుస్తకంపై లేని వివరాన్ని చదరపు కుండలీకరణాల్లో పెట్టి, సందేహం ఉంటే ప్రశ్నార్థకం చేరుస్తారు. మీ తేదీ గడిలో [1952?] అని రాయండి. కాపీరైట్ సంవత్సరం 1946 వేరే గడిలో ఉండనివ్వండి. గమనికల గడిలో ఏ పుటలో ఏ పుస్తకం ప్రకటన చూసి ఆ సంవత్సరం అనుకున్నారో రాసి, ఆ పుట ఫొటో జతచేయండి. అదే సంఖ్యతో తేదీ ఉన్న ప్రతి ఇంకెవరి దగ్గరైనా బయటపడితే, వాళ్లు మీ నమోదును చూసి నేరుగా సరిచేయగలుగుతారు.